టింగు మేస్త్రి కుడికాలు

లోకంలో ఎక్కడ ఏ మర వదులుగా ఉన్నా అది తన సొంత వ్యవహారమే అనుకునే మనిషి టింగు మేస్త్రి. మూడు రోడ్లు కలిసేచోట, మంగలి షాపుకీ జిరాక్స్ షాపుకీ నడుమ ఆయన సైకిల్ షాపు. లోపల రెండు సైకిళ్ళు పెడితే మూడోది రోడ్డు మీద నిలబడాలి. వెనక తలుపు తీస్తే ఆయన ఇల్లే. అందుకని షాపులో సుత్తి కింద పడితే వంటింట్లో గిన్నెలు ఉలిక్కిపడతాయి, వంటింట్లో మిరపకాయలు వేగితే షాపులో కస్టమర్లు తుమ్ముతారు.

పంచర్లు, బ్రేకులు, గొలుసులు అన్నీ చూస్తాడు కానీ వాటిని పనిలో లెక్కపెట్టడు. "పంచర్ చేతులున్న ప్రతివాడూ వేస్తాడు. చక్రం వంకర తీయాలంటే చెవి ఉండాలి," అంటాడు. చక్రాన్ని స్టాండుకి తగిలించి, గోటితో ఒక్కొక్క చువ్వనూ మీటుకుంటూ వెళ్తాడు. టింగ్, టింగ్, టింగ్. ఎక్కడో ఒకచోట టింగ్ కాస్తా టక్ అవుతుంది. అక్కడ పానా వేసి పావు తిప్పు. మళ్ళీ మీటితే టింగ్. అన్నీ పలికాక ఆ సైకిల్ తనే ఎక్కి వీధి చివరిదాకా తొక్కి వస్తాడు. ఆయన తొక్కి చూడందే ఏ చక్రమూ ఆ గడప దాటదు. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. అందుకే టింగు మేస్త్రి అన్న పేరు వచ్చింది, అసలు పేరు రేషన్ కార్డు చూస్తే తప్ప ఆయనకే గుర్తురాదు.

ఇంతవరకూ బాగానే ఉంది. గొడవల్లా ఏమిటంటే, ఆ చేయి సైకిళ్ళ దగ్గర ఆగదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారింటికి వెళ్ళి, మొదటిరోజే మంచం నట్లన్నీ బిగించి మామగారు ఇబ్బందిగా దగ్గేలా చేసిన ఘనుడు. సినిమాకి వెళ్తే ముందు సీటు స్క్రూలు బిగిస్తాడు, హీరో చచ్చిపోతున్నా తల ఎత్తడు. ఎవరు ఏది బిగించినా దాని మీద తను ఇంకో పావు తిప్పు వేయాల్సిందే. ఆ ఇంట్లో పంచదార డబ్బా మూత పెట్టడం భార్య వంతు, దాన్ని ఇంకాస్త బిగించడం ఆయన వంతు, పొద్దున్నే టీ పెట్టుకోవడానికి ఆ మూత తీయలేక అట్లకాడతో కొట్టడం మళ్ళీ ఆవిడ వంతు. ఆ డబ్బా మూతకి అంచు చుట్టూ సొట్టలే. ఇక షాపులో పానా అంటారా, ముప్పై ఏళ్ళలో ఆమెను ముట్టుకోనిచ్చిన పాపాన పోలేదు. "బిగువు నీకు తెలీదే," అనేవాడు. తెలియకేం, ఆ డబ్బా మూత తీసే మనిషికి!

ఆయన కాలు విరిగింది కూడా ఈ జబ్బువల్లే. పరుపులు మోసే వ్యాను ఒకటి మూడురోజులుగా షాపు ముందునుంచి పోతోంది. వెనక ఎడమ చక్రం ఊగుతోంది. మొదటిరోజు ఆయన కేకేశాడు, డ్రైవర్ వినలేదు. రెండోరోజు చేతులు ఊపాడు, డ్రైవర్ కూడా మర్యాదగా చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. మూడోరోజు మేస్త్రి పానా పట్టుకుని వ్యాను వెంట పరుగెత్తాడు. "నట్లు నాలుగే ఉన్నాయిరా, ఐదుండాలి!" అని అరుస్తూ సరిగ్గా చక్రం పక్కకి చేరుకునేసరికి, చక్రం ఆయన మాట నిజం చేసింది. ఊడిపోయింది. వ్యాను అటూ, చక్రం ఇటూ. మేస్త్రి కుడికాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. వ్యాను నుంచి జారిన పరుపులు నాలుగు రోడ్డంతా పరుచుకున్నాయి గానీ, ఒక్కటీ ఆయన కింద పడలేదు. జనం మూగి ఎత్తబోతుంటే నొప్పితో వణుకుతూ డ్రైవర్ని చూసి అడిగిన మొదటి మాట, "చెప్పానా లేదా?"

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు తలుపు దగ్గరే నిలబడి చూశాడు. ఎముక పొడైంది, పుండులో మట్టి చేరింది, చీము మొదలైతే ప్రాణానికే ముప్పు, మోకాలి కింద తీసేయడమే మంచిది అన్నాడు. కూరగాయల కొట్టులో కుళ్ళిన ముక్క కోసి తూకం వేసినంత తేలిగ్గా అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే మేస్త్రి ఒంటికాలి మీద లేచేవాడే. ఇప్పుడు ఆ మాట తలచుకోవడానికే భయమేసింది.

"కాలు లేకపోతే చక్రం తొక్కి చూసేదెవరు?" అన్నాడు భార్యతో. "తొక్కి చూడకుండా ఎలా ఇస్తానే? ఎవడైనా పడితే?" అన్నాడు మళ్ళీ. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం ఆమె అదే మొదటిసారి చూడటం. ఆమెకీ ఏడుపొచ్చింది.

ఈ సమయానికి ధైర్యం చెప్పడానికని బావమరిది దిగాడు. చెప్పుల షాపులో పాతికేళ్ళుగా సేల్స్‌మన్. ఎవరితో మాట్లాడినా మొహం చూడడు, పాదాలు చూస్తాడు. మంచం చివర దుప్పటి తీసి బావ పాదాన్ని ఒకసారి, తన మనసులో ఉన్న ప్లాస్టిక్ పాదాన్ని ఒకసారి పోల్చుకున్నాడు.

"బావా, నా మాట విను. ప్లాస్టిక్ కాలైతే ఆనెలు రావు. గోళ్ళు కత్తిరించక్కర్లేదు. దోమ కుట్టినా దానికే నష్టం. పైగా సైజు మారదు, ఒక్క జత కొంటే జీవితాంతం."

"అంత బాగుంటే ముందు నీది తీయించుకోరా," అంది అక్క.

ఐదోరోజున కథ మలుపు తిరిగింది. ఆ వార్డులో ఒక చక్రాల కుర్చీ ఉంది. అది వస్తుంటే పిల్లి తోక తొక్కినట్టు కుయ్యోమంటుంది. అసలే కాలు సలుపుతుంటే, ఆ కుయ్యోమనడం మేస్త్రి ప్రాణం తీసింది. బావమరిది చేత పానా, చుక్క నూనె తెప్పించుకుని, పడుకున్నవాడు పడుకున్నట్టే చెయ్యి కిందికి వేలాడేసి కుర్చీని బాగుచేశాడు. అది చూసి పక్క మంచంవాళ్ళు ఇంకోటి తోసుకొచ్చారు. సాయంత్రానికి మూడు కుర్చీలు వెన్నలా నడుస్తున్నాయి. మర్నాడు పైఅంతస్తు నుంచి ఒక డాక్టరమ్మ దిగి వచ్చింది. సన్నగా, పొట్టిగా, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని ఉంది.

"ఈ కుర్చీలు బాగుచేసిందెవరు? మా వార్డులో ఇంకో ఆరున్నాయి," అంది. అంటూనే ఆయన కాలి ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసింది. చూసి కుర్చీల సంగతి మర్చిపోయింది. "దీన్ని కోసేస్తామన్నారా? ఎవరన్నారు?"

డాక్టరమ్మ మంచం మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. పాడైపోయిన ఎముక ఆరు సెంటీమీటర్లు తీసేస్తారట. అక్కడ ఖాళీ వస్తుంది. పైనున్న మంచి ఎముకను అడ్డంగా కోసి, ఆ ముక్కను రోజుకొక మిల్లీమీటరు చొప్పున కిందికి జరుపుకుంటూ వస్తారట. ముక్క జరిగేకొద్దీ దాని వెనక కొత్త ఎముక పుడుతుందట.

"ఎముక పుడుతుందా? ఈ వయసులోనా?" అంది మేస్త్రి భార్య, నలుగురూ వింటే పరువు పోయే విషయంలా.

"పుడుతుందమ్మా. కాకపోతే ఏడాది పైనే పడుతుంది. ఎముక పట్టకపోయినా, చీము ఎముకలోకి చేరినా, అప్పుడు కోయక తప్పదు." అని జేబులోంచి ఒక బొమ్మ కాగితం తీసి చూపించింది. కాలి చుట్టూ నాలుగు ఇనప రింగులు. ప్రతి రింగుకీ ఈ చివర నుంచి ఆ చివరకి, కాలిని దాటుకుంటూ, సన్నటి తీగలు. బిగించడానికి నట్లు.

మేస్త్రి కాగితం లాక్కున్నంత పని చేశాడు. "ఇది రిమ్ము. ఇవి చువ్వలు. డాక్టరమ్మా, ఇది చక్రం!"

"దాదాపు అంతే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పరేం? చక్రమైతే నాకు భయమెందుకు?"

డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆయనకేసి, ఆయన చేతిలోని పానాకేసి చూసింది. బాగుచేసిన కుర్చీకేసి కూడా చూసింది. "ఒక్క షరతు. నేను బిగించినవాటి జోలికి మీరు పోకూడదు," అంది. మేస్త్రి కాగితం మీద సంతకం పెట్టేశాడు. ఆ సంతకానికి ఎంత విలువుందో భార్యకి అప్పుడే తెలుసు, కానీ చెప్పలేదు.

ఆపరేషన్ రోజున నడుముకి సూది ఇచ్చారు. కిందంతా మొద్దుబారింది గానీ పైన చెవులు మాత్రం మెలకువగానే ఉన్నాయి. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ కట్టారు, ఏమీ కనపడదు. డాక్టరమ్మ ఒక్కో తీగా దూర్చి, లాగి, బిగించి, బిగువు చూడటానికి వేలితో మీటుతోంది. టింగ్. గుడ్డ ఇవతల మేస్త్రి మొహం వికసించింది. టింగ్. టింగ్. నాలుగోది టిక్ మంది.

"డాక్టరమ్మా, అదింకొంచెం," అన్నాడు గుడ్డ ఇవతల నుంచి.

అవతల ఒక్క క్షణం చప్పుడు ఆగింది. "ఎవరది?"

"నేనేనమ్మా. కాలుగలవాణ్ణి."

డాక్టరమ్మ కొలత సాధనం పెట్టి చూసింది. నిజంగానే తగ్గింది. బిగించింది. అక్కడితో ఊరుకుంటే ఆయన టింగు మేస్త్రి ఎందుకవుతాడు? ఏడోదాని దగ్గర, "మరీ లాగేశారు," అన్నాడు. తొమ్మిదోదాని దగ్గర నర్సుకి చువ్వల గురించి క్లాసు మొదలుపెట్టాడు. పదకొండోదాని దగ్గర డాక్టరమ్మ, "ఈయనకి నిద్రమందు ఇవ్వండి," అంది.

ఇంటికి వచ్చాక పని సులువే. ఎముకను జరిపే నట్లకి రోజుకి నాలుగుసార్లు పావు తిప్పు వేయాలి, ఒక్కో పావుకి పావు మిల్లీమీటరు. తిప్పినప్పుడల్లా గోడ మీది కాగితంలో టిక్కు పెట్టాలి. దానికొక బుల్లి పానా ఇచ్చారు. మేస్త్రి దాన్ని మెడలో దారం కట్టి వేసుకున్నాడు. కాలు స్టూలు మీద చాపి షాపు ముందు కూర్చునేవాడు. మంగలి షాపుకొచ్చినవాళ్ళు గడ్డం సగం గీసుకుని వచ్చి చూసి, మిగతా సగానికి వెళ్ళేవాళ్ళు. ఒకరోజు చూపు ఆనని పెద్దాయన ఒకాయన వచ్చి, వంగి రింగు పట్టుకుని చూసి, "ఈ చక్రం ఎప్పటికి తయారవుతుంది?" అని అడిగాడు. "ఏడాది పడుతుందండీ," అన్నాడు మేస్త్రి. "ఇంత బద్ధకస్తుడివి షాపెందుకు పెట్టావయ్యా," అని ఆయన తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

అసలు తప్పు అక్కడే జరిగింది. బద్ధకస్తుడన్న మాట మేస్త్రికి గుచ్చుకుంది. అరవై మిల్లీమీటర్లు అంటే అరవై రోజులు. రోజుకి ఎనిమిది పావులు తిప్పితే ముప్పై రోజులే కదా! పొద్దున వచ్చిన సైకిల్ సాయంత్రానికి ఇచ్చి పంపే మనిషి, అరవై రోజులు ఎలా కూర్చుంటాడు? భార్య లోపలికి వెళ్ళగానే ఇంకో పావు తిప్పు. టిక్కు మాత్రం ఒక్కటే. నొప్పి పుట్టేది. పళ్ళ బిగువున భరించి, పని జరుగుతోందనడానికి అదే గుర్తనుకున్నాడు. డాక్టరమ్మని ఆశ్చర్యపరుద్దామని ఆయన ఆశ. పాపం, ఆశ్చర్యపరిచాడు కూడా.

ఇరవై రోజులకి ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచింది. మళ్ళీ కొలిచింది. "ఇరవై మిల్లీమీటర్లు జరగాలి. నలభై జరిగింది," అంది.

మేస్త్రి మీసం తిప్పుకున్నాడు. "ఓవర్‌టైం చేశానమ్మా."

డాక్టరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. ఎక్స్‌రే ఆయన ముందు పెట్టి, ఎముక ముక్క వెనకనున్న నల్లటి ఖాళీ చూపించింది. "ఇక్కడ కొత్త ఎముక ఉండాలి. పాలు కదపకుండా ఉంచితే మీగడ కడుతుంది. మీరు కట్టనిస్తేగా! ఏమీ లేదిక్కడ, చూడండి. ఇక ఇరవై రోజులు వెనక్కి తిప్పాలి. ఆ తర్వాత నెలరోజులు చూస్తాను. అప్పటికీ ఇక్కడ మబ్బులాంటిదైనా కనపడకపోతే, నేనే కోసేస్తాను. వేరేవాళ్ళకి అప్పగించను."

మేస్త్రికి కాలు పోతుందన్న భయం ఒకవైపు, దాన్ని వ్యాను చక్రం కాకుండా తన చేయే పోగొట్టబోతోందన్న సిగ్గు ఇంకోవైపు. ముప్పై ఏళ్ళు నమ్ముకున్న చేయి అది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరమ్మ ఆయన మెడలోని దారం తెంపి, బుల్లి పానాని భార్య చేతిలో పెట్టింది. "ఇకనుంచి మీరేనమ్మా."

"ఆవిడకి బిగువు..." అని మొదలుపెట్టి, ఇద్దరు ఆడవాళ్ళ చూపులూ ఒకేసారి తగిలేసరికి మేస్త్రి నోరు మూసుకున్నాడు.

ఆమె పానాని తాళాలగుత్తికి కట్టి బొడ్లో దోపుకుంది. రోజుకి నాలుగుసార్లు, వంటింట్లో ఏ పనిలో ఉన్నా చేతులు కడుక్కుని వచ్చి, నాలుక మునిపళ్ళ మధ్య పెట్టుకుని పావు తిప్పేది. తిప్పి, టిక్కు పెట్టి, దాని పక్కన టైము కూడా రాసేది. మొదట్లో మేస్త్రి ఆగలేకపోయాడు.

"పానా నిటారుగా పట్టుకోవే."

"మీరు నోరు నిటారుగా పట్టుకోండి."

"అది కాదు, చివర్లో కొంచెం ఒత్తి..."

"ఏవండీ, ఒత్తే కదా ఇంతదాకా తెచ్చారు."

ఆ మాటతో ఆయన అడగడం మానేశాడు. తల పక్కకి తిప్పుకునేవాడు. నాలుగు రోజులు పోయాక తల తిప్పుకోవడం కూడా మానేసి ఆమె చేతులకేసి చూడటం మొదలుపెట్టాడు. ఆమె ఒక్కసారి కూడా పావు దాటలేదు, పావుకి తగ్గలేదు. ఇంట్లో వేరే తీరిక లేదు కాబట్టి ఆయన దానిమీదే ఆలోచించాడు. ఈవిడ చేతికి ఇంత ఓపిక ఎక్కడిది? పంచదార డబ్బా గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

వెనక్కి తిప్పడం పూర్తయిన నెలకి తీసిన ఎక్స్‌రేలో మబ్బు కనిపించింది. డాక్టరమ్మ వేలు పెట్టి చూపిస్తే గాని కనపడనంత పల్చటి మబ్బు. బావమరిది ఎంత కళ్ళు చిట్లించి చూసినా దొరకలేదు, పాదం మాత్రం బాగా పడిందన్నాడు. మేస్త్రికి మాత్రం కనిపించింది. మగాడు ఏడవకూడదని ఎవరన్నారో గానీ, వాళ్ళ కాలు ఎప్పుడూ ఆరు సెంటీమీటర్లు ఖాళీగా ఉండి ఉండదు. అందరి ముందే ఏడ్చాడు.

మళ్ళీ ముందుకి తిప్పడం, టిక్కులు, కాగితాలు. గోడంతా కాగితాలే. షాపు మూసేస్తే ఎలాగని పంచర్లు ఆమె వేయడం మొదలుపెట్టింది. ఆయన స్టూలు మీంచి నోటితో చెప్తుంటే బ్రేకులూ నేర్చుకుంది. నోటితో చెప్పకుండా ఊరుకున్నప్పుడు ఇంకా త్వరగా నేర్చుకుంది.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున, ఎప్పటిలాగే ఆమె దూదితో తీగల మొదళ్ళు తుడుస్తోంది. తుడుస్తుంటే ఆమె గోరు తగిలి తీగలు పలుకుతుంటాయి. టింగ్, టింగ్, టింగ్, టక్.

మేస్త్రి చెవి అక్కడే ఆగింది. కింది రింగు, లోపలివైపు తీగ. వదులైంది. నోరు తెరిచాడు. ఏమని చెప్తాడు? ఓవర్‌టైం చేసి కాలు మీదికి తెచ్చుకున్నవాడి మాట ఎవరు నమ్ముతారు? మళ్ళీ చెయ్యి పెట్టి ఏదో చేసుంటాడనుకుంటారు. చెయ్యి దాచుకున్నట్టు దిండు కిందికి దోపుకున్నాడు. ఆమె తుడుచుకుంటూ పక్క తీగకి వెళ్ళిపోయింది. ఆగింది. వెనక్కి వచ్చింది. దూది పక్కన పెట్టి గోటితో మీటింది. టక్.

"ఏవండీ, ఇది పలకడం లేదు."

"నీకెలా తెలుసే?" అన్నాడు.

"ముప్పై ఏళ్ళుగా గోడకి ఇవతల వింటున్నా. కూరలో ఉప్పు వేశానో లేదో మర్చిపోతా గానీ, టక్ మంటే తెలీదా? మీరు మళ్ళీ టింగ్ అనిపించేదాకా గరిటె కదిపేదాన్ని కాదు."

మేస్త్రి ఆమెను, ఇంటికి కొత్త మనిషెవరో వచ్చినట్టు చూశాడు. ఇన్నేళ్ళు తన పని విన్నవాళ్ళు లేరనుకున్నాడు.

వెంటనే ఆస్పత్రికి వెళ్ళారు. కింద కూర్చున్న కుర్ర డాక్టరు ఎక్స్‌రే చూసి, అంతా సరిగానే ఉంది, వచ్చే నెల తారీఖుకి రండి అన్నాడు. ఆమె కదల్లేదు.

"ఒక్కసారి మీటి చూడండి బాబూ."

"ఇదేమన్నా వాయిద్యమా అమ్మా, మీటడానికి?"

ఆమె వంగి మొగుడి కాలిని ఈ చివర నుంచి ఆ చివరకి మీటింది. టింగ్, టింగ్, టింగ్, టక్. మళ్ళీ మొదటి నుంచి. వరసలో కూర్చున్న రోగులంతా తలలు తిప్పారు. చేతికి కట్టున్న ఒకాయన రెండోసారి టక్ దగ్గర తల కూడా ఊపాడు. నడవాలో పోతున్న డాక్టరమ్మ టక్కున ఆగిపోయింది.

"ఎవరిదా చప్పుడు?"

"నాదేనమ్మా. కాలుగలవాణ్ణి," అన్నాడు మేస్త్రి నీరసంగా.

కొలిచి చూస్తే తీగ బిగువు సగానికి పడిపోయింది. కర్రల సాయంతో నడిచినప్పుడల్లా అది లోపల అటూ ఇటూ జారుతోంది, తీగ దూరినచోట చీము అప్పుడే మొదలవుతోంది. ఇంకో వారం ఆగితే ఎముకలోకి చేరేదని, చేరితే ఇన్ని నెలల కష్టమూ, కాలూ రెండూ పోయేవని డాక్టరమ్మ చెప్పింది. ఆ సాయంత్రమే పాత తీగ తీసి, పక్కగా కొత్తది వేసింది. నర్సుని పంపి భార్యని కూడా లోపలికి పిలిపించుకుంది. ఆమెకి టోపీ పెట్టి, ముక్కుకి గుడ్డ కట్టి నిలబెట్టారు.

డాక్టరమ్మ మీటింది. టిక్. మేస్త్రికి వినపడింది. నోటిదాకా వచ్చింది. మింగేశాడు. తల తిప్పి భార్యకేసి చూశాడు.

"ఇంకొంచెం," అంది ఆమె.

డాక్టరమ్మ బిగించింది. టింగ్.

పద్నాలుగో నెలలో రింగులు ఊడదీశారు. కాలు సన్నగా, తెల్లగా, ఎవరిదో అద్దెకి తెచ్చుకున్నట్టుంది గానీ ఆయనదే. అర అంగుళం పొట్టి. దానికి బావమరిది తన షాపులో అర అంగుళం ఎత్తు అట్ట వేయించిన చెప్పు చేయించి తెచ్చి, ఇన్నాళ్ళూ అసలు కాలే మేలని తనే చెప్పినట్టు మాట్లాడాడు.

నడక కుదురుకున్నాక ఒకరోజు, స్టాండు మీద ఒక చక్రం కనిపించింది. భార్య మొదటిసారి వంకర తీసిన చక్రం. మేస్త్రి తొక్కి చూడలేదు కాబట్టి, కస్టమర్ ఎంత తొందరపెట్టినా, ఆమె మూడురోజులుగా ఆపి ఉంచింది. ఆయన చక్రాన్ని సైకిల్‌కి బిగించి, ఎత్తు చెప్పున్న కుడికాలు పెడల్ మీద పెట్టాడు. మంగలి కత్తి పట్టుకునే బయటికి వచ్చాడు, వెనకే నురగ మొహాలు రెండు. మేస్త్రి వీధి చివరిదాకా వెళ్ళాడు. తిరిగి వచ్చాడు. చక్రం ఎక్కడా ఊగలేదు. ఆయన పెదాలు మాత్రం అదిరాయి.

దిగి, చక్రం తిప్పి, ఒక్కో చువ్వనూ మీటాడు. అన్నీ పలికాయి. పద్దెనిమిదోది మాత్రం వెంట్రుకవాసి తగ్గింది. చేయి పానా కోసం మేకు దగ్గరికి వెళ్ళింది.

"దాన్ని కావాలనే అలా వదిలాను," అంది భార్య. "అక్కడ రిమ్ముకి దెబ్బ తగిలింది, చూడండి. ఇంకో పావు వేస్తే పగులుతుంది."

ఆయన వంగి చూశాడు. నిజమే, సన్నటి గీత. తనైతే ఆ గీత చూసేవాడు కాదు. పావు తిప్పు వేసేసేవాడు. పానా మేకుకే వదిలేసి, "తీసుకెళ్ళమను," అన్నాడు.

ఆ సాయంత్రం ఆయనే టీ పెట్టాడు. పంచదార వేసి, డబ్బా మూత పెట్టి తిప్పాడు. అలవాటుగా చేయి ఇంకో పావు తిప్పు కోసం లాగింది. కాసేపు మూత మీదే చేయి ఉంచి నిలబడ్డాడు. తర్వాత తీసేశాడు.

పొద్దున్నే ఆమె వంటింట్లోకి వచ్చి, ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో అట్లకాడ తీసుకుంది. మూత ముట్టుకోగానే ఊడి చేతిలోకి వచ్చింది. అట్లకాడ గాల్లోనే ఉండిపోయింది. ఆమె గోడ అవతలికి చెవి పెట్టి విన్నది. షాపులో ఆయన చువ్వలు మీటుకుంటున్నాడు. టింగ్, టింగ్, టింగ్.

ఆమె అట్లకాడ మేకుకి తగిలించి, రెండు గ్లాసుల్లో టీ పోసింది.